బోదకాలు గోలీ వెనుక యల్లాప్రగడ సుబ్బారావు: కనిపెట్టింది ఆయన, మింగించే పూచీ ఎవరిది?

సుల్తానాబాద్‌లో గానీ పెద్దపల్లిలో గానీ కాస్త వయసు మళ్లిన వాళ్లను కదిలిస్తే చాలు, బోదకాలు ఉన్న మనిషి ఒక్కరైనా వాళ్ల ఎరుకలో ఉంటారు. కాలు ఉబ్బి, చెప్పు పట్టక, నిఖాకో దావత్‌కో పోవడానికి కూడా మొహమాటపడి ఇంట్లోనే ఉండిపోయిన ఒక దాదీయో, ఒక చాచాయో. ఉమ్మడి కరీంనగర్ జిల్లా పేరు బోదకాలు ఉన్న జిల్లాల లెక్కలో ఏళ్ల తరబడి ఉంది. అందుకే ఆశా వర్కర్లు ఇంటింటికీ తిరిగి గోలీలు పంచడం మనకు కొత్త కాదు. ఆ పంపకంలో ముఖ్యమైన గోలీ డీఈసీ. పూర్తి పేరు డైఇథైల్‌కార్బమజీన్. పలకడానికి నోరు తిరగదు కాబట్టి ఇక్కడ డీఈసీ అనే అందాం.

ఈ గోలీ మనదాకా రావడానికి మొదటి కారణం భీమవరంలో పుట్టిన ఒక తెలుగు మనిషి. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. స్కూల్ పుస్తకాల్లో ఆయన గురించి ఒక పేరా ఉంటుంది, గొప్ప శాస్త్రవేత్త అని. అది నిజమే. కానీ ఆయన బతుకంతా చదివితే నాకు కనిపించింది ఇంకో సంగతి. మందు లేక ఇంట్లో మనుషులు పోవడం చూసిన వాడు మందులు కనిపెట్టాడు. ఆ మందులు పేదవాడి నోటిదాకా చేరాయా లేదా అని చూసుకునే పని మాత్రం ఆయన చేతుల్లో లేకుండా పోయింది. ఆ పని ఎవరిది అనే ప్రశ్న ఇంకా మన గల్లీల్లో తిరుగుతూనే ఉంది.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఒకడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం పాడై ఉద్యోగం ముందే వదిలేయడంతో ఇల్లు కష్టాల్లో పడింది. పదమూడేళ్ల వయసులో పిల్లాడు కాశీకి పారిపోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని బయల్దేరాడని, తల్లి వెంకమ్మ పట్టుకొచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టిందని చెబుతారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసయ్యాడు. ఈ మాట మన పిల్లలకు చెప్పాల్సిందే. ఇంటర్ ఒక్కసారి తప్పితేనే చదువు మాన్పించే ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి.

ఆ తర్వాత ఇంట్లో పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పడిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అప్పటికి దానికి సరైన మందు లేదు. తర్వాత అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. ఆయుర్వేద వైద్యుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన మందులతో ఆయన లేచారు. ఈ రెండు చావులు ఆయన్ని ముప్పై ఏళ్లు వదల్లేదని ఆయన పని చూస్తే తెలుస్తుంది.

మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీ పిలుపు విని ఖద్దరు సర్జికల్ గౌను వేసుకుని వచ్చారు. ఇంగ్లీషు ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ పట్టా రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ చేతిలో పెట్టారు. సర్కారు వైద్య శాఖలో చోటు దొరకలేదు. మద్రాసులోని ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ అమెరికా పోయే దారి వెతికారు. 1919లో పెళ్లయింది, భార్య పేరు శేషగిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి కొంత సాయం చేసింది, మామ గారు కొంత సర్దారు. 1922 అక్టోబర్‌లో బోస్టన్ చేరారు. పోయినవాడు మళ్లీ తిరిగి రాలేదు. భార్యను మళ్లీ చూడలేదు. పుట్టిన కొడుకు నెలల పిల్లాడిగానే పోయాడు, తండ్రి ముఖం ఎరగకుండానే. పెద్దవాళ్ల జీవిత కథల్లో ఈ భాగాన్ని రెండు మాటల్లో దాటేస్తారు. శేషగిరి గారి వైపు నుంచి చూస్తే అది రెండు మాటల్లో అయ్యేది కాదు.

హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా చదువుతూ, ఖర్చుల కోసం హాస్పిటల్‌లో రాత్రిపూట కూలి పని చేశారు. తర్వాత సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ దగ్గర చేరి, 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి తెచ్చారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ బయోకెమిస్ట్రీ చదివే పిల్లలకు నేర్పుతారు. నేను కామర్స్ చదివిన వాణ్ని, కెమిస్ట్రీ నా సబ్జెక్టు కాదు. కానీ ఒకటి అర్థమైంది. మొదట కొలవడం సరిగ్గా రావాలి, మిగతాదంతా తర్వాత. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాలకు శక్తి ఎక్కడి నుంచి వస్తుందో తేల్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ పరిశోధనలు ఫిస్కేతో కలిసి చేయగలిగారు. అయినా హార్వర్డ్ ఆయనకు పర్మినెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు. తర్వాత అక్కడి పరిశోధన అంతటికీ డైరెక్టర్ అయ్యారు.

ఆయన మందుల కంపెనీలో అడుగుపెట్టే నాటికి అమెరికాలో ఒక కొత్త చట్టం వచ్చి రెండేళ్లే. దాని వెనుక పెద్ద విషాదం ఉంది. 1937లో ఒక కంపెనీ సల్ఫా మందును పిల్లలు తాగేలా తియ్యటి సిరప్ చేసి అమ్మింది. మందు కరగడానికి వాడింది డైఇథిలీన్ గ్లైకాల్, అది విషం. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో చాలామంది పిల్లలు. అప్పటి చట్టం ప్రకారం విషం అమ్మినందుకు కేసు పెట్టే వీలే లేదు! ఎలిక్సిర్ అని పేరు పెట్టి అందులో ఆల్కహాల్ కలపలేదు కాబట్టి లేబుల్ తప్పు అని మాత్రమే కేసు పెట్టగలిగారు. అప్పుడు మేల్కొని 1938లో చట్టం మార్చారు. మందు అమ్మకానికి పెట్టే ముందే అది ప్రాణం తీయదని కంపెనీయే చూపించాలి అన్నారు. మన దేశంలో 1930-31లో రామ్‌నాథ్ చోప్రా కమిటీ నాసిరకం మందుల మీద రిపోర్టు ఇస్తే, చట్టం రావడానికి 1940 దాకా పట్టింది.

ఇదంతా పాత ముచ్చట అనుకోకండి. 2022 అక్టోబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గాంబియా దేశంలోని దగ్గు సిరప్‌ల మీద హెచ్చరిక ఇచ్చింది. ఆ సిరప్‌లు మన దేశంలో తయారైనవి. పరీక్షలో కనిపించిన వాటిలో అదే డైఇథిలీన్ గ్లైకాల్ ఉంది. అక్కడ సుమారు 70 మంది పిల్లలు పోయారు. అమెరికాలో ఒక తరం నేర్చుకున్న పాఠం, ఎనభై ఐదేళ్ల తర్వాత ఒక పేద దేశంలో తల్లులు మళ్లీ పిల్లల ప్రాణాలతో నేర్చుకోవాల్సి వచ్చింది. పేద, మధ్య ఆదాయ దేశాల్లో దొరికే ప్రతి పది మందుల్లో ఒకటి నాసిరకమో నకిలీయో అయి ఉంటుందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఇంట్లో మందుల డబ్బా తెరిచి చూస్తే ఆ లెక్క ఎంత భయపెడుతుందో తెలుస్తుంది.

మళ్లీ సుబ్బారావు దగ్గరికి వద్దాం. లెడర్లీలో ఆయన బృందం మొదట ఫోలిక్ యాసిడ్ వెంట పడింది. 1945లో దాన్ని ల్యాబ్‌లో తయారు చేశారు. మరుసటి ఏడాదికల్లా క్యూబా లాంటి చోట్ల స్ప్రూ రోగుల మీద వాడితే మనుషులు లేచి కూర్చున్నారు. అన్నను, తమ్ముడిని తీసుకుపోయిన జబ్బుకు పాతికేళ్లు దాటాక మందు దొరికింది. ఇవాళ మన ఇళ్లలో కడుపుతో ఉన్న ఆడపిల్లకు సర్కారు దవాఖానలో ఇచ్చే ఐరన్ గోలీల్లో ఉండేది ఈ ఫోలిక్ యాసిడే. అదే దారిలో వచ్చిన మందులు పిల్లల బ్లడ్ క్యాన్సర్ మీద 1947-48లో మొదటిసారి పనిచేశాయి. మెథోట్రెక్సేట్ అనేది ఆ కుటుంబంలోదే, కీళ్లవాతానికి మన డాక్టర్లు ఇప్పటికీ రాస్తారు. ఆయన డైరెక్టర్‌గా ఉండగానే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది, టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది.

ఇక మన గోలీ. బోదకాలు మన ఊళ్లలో వందల ఏళ్లుగా ఉంది. క్యూలెక్స్ దోమ కుడితే సన్నటి పురుగు పిల్లలు ఒంట్లోకి పోతాయి, పెరిగి శోషరస నాళాల్లో కాపురం పెడతాయి, ఏళ్లు గడిచాక కాలు ఉబ్బుతుంది. కానీ పెద్ద కంపెనీలు దాని మందు కోసం గట్టిగా వెతకడం మొదలైంది ఎప్పుడో తెలుసా? రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికుల్లో వేలమందికి ఈ జబ్బు అంటుకున్నాక. మనవాళ్ల కాళ్లు ఎన్ని వాచినా కదలని ల్యాబ్‌లు, ఆ సైనికుల కోసం కదిలాయి. సుబ్బారావు బృందం ఎలుకల మీద వందల రసాయనాలను పరీక్షించి 1947లో డీఈసీని బయటపెట్టింది. హెట్రజాన్ అనే పేరుతో అమ్మారు. ప్యూర్టో రికోలో మనుషుల మీద వాడి చూస్తే రక్తంలో తిరిగే పురుగు పిల్లలు మాయమయ్యాయి. నోటితో మింగే గోలీ, ఇంజెక్షన్ అక్కర లేదు, చవక. పేద దేశానికి ఇంతకంటే ఏం కావాలి?

1948 ఆగస్టు 8 రాత్రి పడుకున్న సుబ్బారావు 9 ఉదయం లేవలేదు. గుండె ఆగింది. వయసు 53. నెల దాటిన కొద్ది రోజులకే ఇక్కడ పోలీస్ యాక్షన్. సుల్తానాబాద్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. భీమవరం మనిషి ఒకరు న్యూయార్క్‌లో పోయాడన్న వార్త ఆ గడబిడలో మన వైపు ఎవరి చెవిన పడి ఉంటుంది? ఆయన పేరు మీద పోస్టల్ స్టాంపు వచ్చింది 1995లో, అంటే నూరేళ్ల జయంతికి.

మనిషి కథ అక్కడ ఆగింది. మందు కథ అక్కడే మొదలైంది.

మందు 1947లో వచ్చింది. మన దేశంలో బోదకాలు జిల్లాలన్నిట్లో ఏడాదికోసారి అందరికీ గోలీలు పంచే కార్యక్రమం మొదలైంది 2004లో. మధ్యలో 57 ఏళ్లు. ఆ మధ్య కాలంలో సర్కారు ఏమీ చేయలేదని కాదు, 1955 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది, పట్టణాల్లో దోమల మీద, రోగుల మీద పనిచేసింది. కానీ జబ్బు లేనివాడితో సహా ఊరంతా మింగితే తప్ప ఇది పోదు. ఇక్కడే అసలు చిక్కు. డీఈసీ వాచిన కాలును మామూలుగా చేయదు. రక్తంలోని పురుగు పిల్లలను చంపుతుంది, అవి దోమ ద్వారా పక్కింటికి పోకుండా ఆపుతుంది. అంటే బాగున్నవాడు పక్కింటి పిల్లల కోసం మింగాలి. నాకేమీ లేదు కదా, నేనెందుకు మింగాలి అనేవాడికి జవాబు అదే. పురుగు ఉన్నవాడికి గోలీ మింగాక జ్వరం, తలనొప్పి రావచ్చు. అవి పురుగులు చస్తున్న గుర్తులు. ఆ సంగతి ముందే చెప్పకపోతే గోలీ వికటించిందని గల్లీలో పుకారు లేస్తుంది, మరుసటి ఏడాది తలుపులు తెరవరు.

చైనా ఈ చిక్కును వేరే దారిలో విప్పింది. డీఈసీని ఉప్పులో కలిపి ఇళ్లకు ఇచ్చింది. ఉప్పు తినని ఇల్లు ఉండదు కదా. 2007లో చైనా బోదకాలు లేని దేశం అయింది. మన దగ్గర కారైకాల్‌లో అలాంటి ఉప్పును 1980ల్లో ప్రయత్నించారు, ఫలితం బాగానే వచ్చింది, కానీ దేశమంతటికీ పాకలేదు. ఈజిప్టు, యెమెన్, మాల్దీవులు, శ్రీలంక గోలీలతోనే గెలిచాయి. 2023లో బంగ్లాదేశ్ కూడా ఆ జాబితాలో చేరింది. మన దేశం గడువు మొదట 2015 అన్నది, తర్వాత మార్చుకుంటూ వచ్చింది, ఇప్పుడు 2027 అంటున్నది.

నేను బీకాంలో స్టోర్స్ లెడ్జర్ రాయడం నేర్చుకున్నాను. అందులో మొదటి రోజే చెప్పే సంగతి ఒకటి ఉంది. సరుకు స్టోర్ నుంచి బయటికి పోవడం వేరు, అది నిజంగా వాడకం కావడం వేరు. ఇష్యూ అని రాసినంత మాత్రాన వాడకం అయినట్టు కాదు. మందుల విషయంలో ఈ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. కంపెనీ గోలీలు అమ్మింది, బిల్లు ఉంది. జిల్లా గోదాముకు చేరాయి, ఎంట్రీ ఉంది. అక్కడి నుంచి పీహెచ్‌సీకి, పీహెచ్‌సీ నుంచి ఆశా అక్కకు, ఆమె నుంచి ఇంటికి, అన్నింటికీ సంతకాలు ఉన్నాయి. ఇంట్లో ఆ గోలీలు అల్మారాలోకి పోయాయా, గొంతులోకి పోయాయా అన్నదానికి మాత్రం చాలాచోట్ల సాక్ష్యం ఉండదు. మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది ప్రతి ఏడాదీ నిజంగా మింగితేనే జబ్బు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పంచిన లెక్కకూ మింగిన లెక్కకూ మధ్య పెద్ద గండి ఉందని దేశంలో ఎన్నో సర్వేలు చూపించాయి. అందుకే సర్కారు రూల్ మార్చింది. చేతికి ఇచ్చి పోవద్దు, కళ్ల ముందే మింగించాలి, వేలికి ఓటు సిరా లాంటి గుర్తు పెట్టాలి అన్నది. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో డీఈసీ, ఆల్బెండజోల్‌తో పాటు ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి మూడు మందులు ఇస్తున్నారు.

ఇందులో ఆశా వర్కర్‌ను నిలబెట్టి తిట్టడం సులువు. నేను ఆ పని చేయను. ఒక్క మనిషి వందల ఇళ్లు తిరగాలి, మగవాళ్లు పొద్దున్నే పనికి పోతారు, ఖాళీ కడుపుతో గోలీ వేయకూడదు, రంజాన్‌లో అయితే ఇఫ్తార్ తర్వాత మళ్లీ రావాలి. పంచినన్ని గోలీల లెక్క అడిగే పై అధికారి ఆమెను మింగిన లెక్క అడగకపోతే, ఆమె రాసేది కూడా పంచిన లెక్కే. పైన ఏది అడుగుతారో కింద అదే రాస్తారు. ఏ ఆఫీసులోనైనా అంతే.

లెక్క సరిగ్గా అడిగితే పనవుతుందని చూపిన చోట్లు కూడా ఉన్నాయి. సుబ్బారావు చదువుకున్న మద్రాసు రాజధానిగా ఉన్న తమిళనాడులోనే 1994లో మందుల కార్పొరేషన్ పెట్టారు. ప్రతి సర్కారు దవాఖానకు బ్యాంకు పాస్‌బుక్ లాంటి పుస్తకం ఇచ్చారు. ఏడాదికి ఇంత విలువ మందులు మీ ఖాతాలో ఉన్నాయి, తీసుకున్నకొద్దీ తగ్గుతాయి. ఏ దవాఖాన ఏ మందు ఎంత తీసుకుందో దాచే వీలు లేదు. ప్రతి బ్యాచ్ నుంచి శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపి, పాస్ అయ్యాకే రోగికి ఇస్తారు. చాలా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. మన తెలంగాణలో కూడా సర్కారు దవాఖానల మందులు కార్పొరేషన్ ద్వారానే కొంటారు.

రెండో చోటు మన విశాఖపట్నం. ప్రపంచానికి డీఈసీ కావాలి, కానీ నాణ్యమైన డీఈసీ సరిపడా దొరకని రోజులు వచ్చాయి. ధర మరీ తక్కువ కాబట్టి లాభం లేదు, లాభం లేదు కాబట్టి చేసేవాళ్లు లేరు. అప్పుడు జపాన్ కంపెనీ ఎయిసాయ్ 220 కోట్ల గోలీలు ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఉచితంగా ఇస్తామని ముందుకొచ్చింది. వాటిని తయారు చేసేది విశాఖ ప్లాంటులో. ఉచితమే కదా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ కళ్లు మూసుకుని తీసుకోలేదు. తయారీని, కాగితాలను పరిశీలించి 2013లో నాణ్యత ఆమోదం ఇచ్చాకే పంపకం మొదలైంది. భీమవరం మనిషి న్యూయార్క్‌లో కనిపెట్టిన మందు, విశాఖలో గోలీ అయి, ఆఫ్రికా, ఆసియా దేశాలకు పోతున్నది. నాకైతే ఈ ఒక్క వాక్యం రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాలనిపించింది.

మన రాష్ట్రంలో బోదకాలు బాధితులకు ఆసరా పింఛను ఇస్తున్నారు. అది రావాల్సిందే. అయితే 1947లోనే మందు వచ్చిన జబ్బుకు ఇప్పటికీ పింఛను ఇవ్వాల్సి వస్తున్నదంటే, మధ్యలో ఎక్కడో గోలీ మనిషిని చేరలేదు.

ఈసారి ఆశా అక్క తలుపు కొట్టినప్పుడు ఇంట్లో అందరికీ అన్నం తిన్నాకే ఆమె ముందే గోలీలు వేయించండి. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుతో ఉన్నవాళ్లకు వేయరు. డీఈసీ రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు ఒకటి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు రెండు, పదిహేనేళ్లు దాటితే మూడు. పనికి పోయిన మగవాళ్ల గోలీలు అల్మారాలో పెట్టించుకోకుండా, సాయంత్రం మళ్లీ ఎప్పుడు వస్తారో అడగండి. పోయే ముందు రిజిస్టర్‌లో మీ ఇంటి నంబర్ ఎదురుగా ఏం రాశారో, ఎంతమంది మింగినట్టు రాశారో ఒకసారి చూపించమనండి.